సంచుల దగ్గర మనిషి

న్యూ టౌన్ పార్కులో చెరువుకి ఈ ఒడ్డున ఎత్తయిన మెట్ల మంచె, ఆ ఒడ్డున ఒక దిమ్మె, రెండింటికీ మధ్య ఇనుప తాడు. దాన్ని జిప్‌లైన్ అంటారు. నడుముకి బెల్టులు బిగించుకుని, ఆరేసిన బట్టల్లా వేలాడుతూ చెరువు దాటడం దాని ఘనకార్యం. పక్కనే చక్కటి వంతెన ఉంది. దాని మీద నడిస్తే ఎవరూ ఫోటో తీయరు కాబట్టి అటు పోయేవాళ్ళు లేరు.

కొడుక్కి ప్రమోషన్ వచ్చిందని, మేముండే సంత్రాగాఛి నుంచి ఇంటిల్లిపాదీ వచ్చాం. కొడుకూ కోడలూ కేకలు పెట్టుకుంటూ వేలాడి వచ్చి, చంద్రమండలం చూసొచ్చినంత హడావుడి చేశారు. నేను పులిహోర సంచీ, నీళ్ళ సంచీ, కోడలి హ్యాండ్‌బ్యాగూ ముందేసుకుని బెంచీ మీద కూర్చున్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ పూరీ వెళ్ళినా, దీఘా వెళ్ళినా నా చోటు అదే. సముద్రం కన్నా సంచుల్నే ఎక్కువ చూశాను.

"నానూ ఎల్తాను," అన్నాను.

మా ఆయన పగలబడి నవ్వాడు. "నువ్వెల్లి ఏటి సేస్తావే? సంచులెవులు సూస్తారు?"

పడిపోతానని భయపడి ఉంటే క్షమించేదాన్ని. ఆయన బెంగంతా సంచుల మీదే. నాకు ఒళ్ళు మండిపోయింది.

బెల్టులు కట్టే మనిషి నన్ను చూసి తల అడ్డంగా ఊపి బెంగాలీలో అన్నాడు, "మాషీమా, శాడీ పరే హబే నా." చీరతో కుదరదట. కోడలు చెయ్యి పట్టుకుని, "వద్దత్తా, అందరూ సూస్తన్నారు," అంది. చూడనీ. బాత్రూంలోకి వెళ్ళి, మా అమ్మ చేపల తట్టతో ఊళ్ళు తిరిగేటప్పుడు కట్టినట్టు గోచీ పోసి చీర బిగించి కట్టుకుని వచ్చాను. ఆ మనిషికి ఇంక వంక దొరకలేదు. సంచులన్నీ తీసుకెళ్ళి మా ఆయన ఒళ్ళో పడేశాను.

కాస్త గాలి, కింద పచ్చటి నీళ్ళు, అంతలోనే అవతలి ఒడ్డు. దీనికా ఇంత గోల? లోకల్ రైల్లో తలుపు దగ్గర నిలబడితే ఇంతకన్నా గాలి తగులుతుంది.

బెల్టులు విప్పుతుండగా మా ఆయన గొంతు చెరువు దాటి వినిపించింది. ఎలా ఉందని అడుగుతున్నాడనుకుని, సిగ్గులేకుండా సంబరపడ్డాను.

"ఏటే! నీల్ల సీసా ఏ సంచీలో ఎట్టినావు?"

"ఎతుక్కో!" అని ఒక్క కేక పెట్టి గడ్డి మీద చతికిలబడ్డాను. కోపంతో కళ్ళనీళ్ళు వచ్చాయి. పాపం, దాహమేస్తోందేమో అని కూడా అనిపించింది. అయినా లేవలేదు.