ఆడకుండా దాచిన బిళ్లలు

నేను కాసినో బిళ్లలు పోగుచేస్తానంటే టాటానగర్‌లో మా మాంగో పేటలో ఎవరూ నమ్మరు. స్టాంపులంటే నమ్ముతారు, పాత నాణేలంటే నమ్ముతారు. కాసినో అనగానే వాళ్ల ముఖంలో ఒక నవ్వు వస్తుంది. ఆ నవ్వు నాకు ఒళ్లుమంట. అందుకే చెప్పడం మానేశాను. నలభై ఆరేళ్లొచ్చి, ఆదిత్యపూర్‌లో లేత్ మిషన్ మీద బతుకుతున్నవాడికి ఇదేం పిచ్చి అని నన్ను నేనే తిట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి.

మొదటిది గోవాలో దొరికింది. మా వర్క్‌షాపులో పనిచేసేవాళ్లం ఐదుగురం రైలెక్కి వెళ్లాం. నదిలో లంగరేసిన ఓడలో కాసినో ఉందట, చూసి తీరాలన్నారు. టికెట్టుతో పాటు, డబ్బుకి బదులు పందెం కాయడానికి చేతిలో కొన్ని బిళ్లలు పెట్టారు. అందరితో పాటు నేనూ ఒకటి ఎర్ర గడి మీద పెట్టాను. చక్రంలో గోళీ తిరిగి తిరిగి నల్ల గడిలో పడింది. జన్మలో నేను ఆడిన జూదం ఆ ఒక్కటే. కానీ గోళీ తిరిగినంతసేపూ గుండె కొట్టుకున్న తీరు నాకు నచ్చింది. నచ్చిందని తెలియగానే భయం వేసింది. మిగిలినవి పక్కవాళ్లకిచ్చేసి, ఒకటి మాత్రం జేబులో వేసుకుని బయటికొచ్చాను.

తిరుగు రైల్లో దాన్ని తీసి చూశాను. చేతి అలవాటు కొద్దీ అంచు మీద గోరు నడిపించాను. మూడు రంగులున్నాయి, ఎక్కడా గోరుకి గాడి తగల్లేదు. అతికించిన పని కాదది, ఒకదానిలో ఒకటి పొదిగి వత్తిన పని. అంత శుభ్రమైన పనిని జూదం కోసం చేస్తారా అని ఆశ్చర్యపోయాను. ఇంటికొచ్చాక దాని మీద మరక కనబడితే, ఇనపముక్కని తోమినట్టు మెత్తటి ఎమరీ కాగితం పెట్టి తోమాను. మరకతో పాటు మీదున్న బొమ్మ కూడా పోయింది.

ఫోన్‌లో వెతికితే ఇలాంటివి దాచుకునేవాళ్లు లోకంలో చాలామందే కనిపించారు. సిలిగురిలో ఒక రిటైరైన మాస్టారు నా బిళ్ల ఫోటో చూసి, ‘మొహమంతా చెక్కేశావు కదా భాయీ’ అని హిందీలో రాశాడు. కడగొద్దు, తోమొద్దు, కనబడ్డదల్లా కొనొద్దు, ఏదో ఒక దేశం పట్టుకుని అక్కడివే పోగుచెయ్యి అని చెప్పాడు. నేను నేపాల్ పట్టుకున్నాను. ఆయనే రెండు ఖాట్మండూ బిళ్లలు పోస్టులో పంపాడు. వాటికోసం ప్లాస్టిక్ జేబులున్న ఆల్బమ్ కొన్నాను. మా ఆవిడ చూసి, “చీరలు పోగేసుకుంటే కట్టుకోనైనా కట్టుకోవచ్చు, ఇయి ఏటి చేసుకుంటావు?” అంది. రాత్రంతా కొలిమి దగ్గర పనిచేసిన మనిషి ఇంటికొచ్చి పిల్లనగ్రోవి ఊదుకోడా, అలాంటిదే ఇదీ అనుకున్నాను.

ఇంట్లో ఈ సంగతి తెలియకుండా దాచింది ఒక్క అమ్మకే.

నాన్న టాటానగర్ లోకో షెడ్‌లో ఫిట్టరు. మంచి పనివాడు, అంతకంటే పెద్ద పేకాటరాయుడు. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ నన్ను ఎదురుగా నిలబెట్టి, నాన్న చెయ్యి నా తల మీద పెట్టించింది. ఇక ముక్క ముట్టనని ఆయన ఒట్టేశాడు. ఆ దీపావళికే మళ్లీ కూర్చున్నాడు. నెల తిరక్కుండా నాకు చెవిలో చీము పట్టి, ఎడమ చెవి వినికిడి పోయింది. డాక్టరు చెప్పిన కారణం వేరు. అమ్మకి కారణం ఒకటే. ఆ తర్వాత నాన్న బతికినంతకాలం ఆమె ఆయనకి అన్నం పెట్టింది, బట్టలుతికింది, ముఖం మాత్రం చూడలేదు. ఇంట్లో ఒట్టు అన్న మాటే ఉండకూడదు. ఆటలో ‘అమ్మతోడు’ అన్నా మూతి మీద ఒకటి పడేది.

మొన్న వానలు తగ్గాక ట్రంకు పెట్టెలు ఎండలో పెట్టాం. బట్టల అడుగునున్న ఆల్బమ్‌ని మా అమ్మాయి పైకి తీసి, మంచం మీదున్న అమ్మ పక్కన కూర్చుని తిప్పుతోంది. నేను గుమ్మంలోకి వచ్చేసరికి అమ్మ ఒక బిళ్లని వేలితో తడుముతోంది.

“ఇయ్యేటే?”

“కసీనో కే చిప్స్ హై, నానమ్మా. జువా మే లగ్తే హై,” అంది అమ్మాయి.

జువా అంటే జూదమని అమ్మకి విప్పి చెప్పక్కర్లేదు. ఈ ఊళ్లో ఆమె మొదట నేర్చుకున్న హిందీ మాటల్లో అదొకటి. నాకేసి చూసింది.

“నువ్వు కూడా ఆడేవేటిరా?”

“లేదమ్మా. ఇయి దాచుకోడానికే. ఒక్కసారి కూడా ఆడ్లేదు.”

ఒకసారి ఆడానమ్మా అంటే అయిపోయేది. నోరు రాలేదు. అమ్మ అలా చూస్తూనే ఉంది. ఆ చూపు నేనెరుగుదును, ఒట్టుకి ముందు అమ్మ నాన్నని చూస్తుంటే ఆయన వెనకాల నిలబడి చిన్నప్పుడు చూసిందే. తట్టుకోలేకపోయాను. “నిజమమ్మా” అంటూ మా అమ్మాయి తల మీదికి చెయ్యి చాపాను.

ఇద్దరు పట్టుకుంటే గాని లేవలేని మనిషి, ఎలా లేచిందో లేచి నా మణికట్టు పట్టుకుంది.

“వద్దురా. నమ్మేన్లే. పిల్ల మీంచి సెయ్యి తియ్యి.”

నమ్మలేదు. వేళ్ల అచ్చులు సాయంత్రం దాకా నా చేతి మీద ఉన్నాయి. నమ్మనందుకు నాకు కోపం రాలేదు. అబద్ధమని తెలిసి కూడా నా చెయ్యి ఎంత సులువుగా లేచిందో, అదే తలచుకుంటూ కూర్చున్నాను. నాన్నకీ అంతే సులువుగా లేచి ఉంటుంది.

అమ్మ ఈ సంగతి మళ్లీ ఎత్తలేదు. నాకు అన్నం పెట్టమని కోడలికి చెబుతుంది, వేళకి డ్యూటీకి వెళ్లమంటుంది. నేను గదిలోకి వస్తే మాత్రం మనవరాలిని దగ్గరికి లాక్కుని, ఆ తల మీద తన చెయ్యి కప్పి కూర్చుంటుంది.