ఊగుబల్ల మీద వెంకమ్మ

మా తోటికోడలు వెంకమ్మ ఊగుబల్ల ఎక్కిన మొదటి రోజున నేను కెవ్వుమన్నాను. రబ్బరు మాను దుంగ మీద అడ్డంగా ఓ పలక, ఆ పలక మీద ఆవిడ, ఆవిడ నెత్తిన నిండు నీళ్ళకుండ. దుంగ దొర్లుతోంది, పలక ఊగుతోంది. ఆవిడ మొగుడు, మా బావ అప్పడు, చేతికర్ర మీద వాలి, "మోకాలు వంచు, కిందికి సూడకు" అని అరుస్తున్నాడు. పెళ్ళాన్ని చంపడానికి కొత్త ఉపాయం కనిపెట్టాడేమో అనుకున్నాను.

"ఓలప్పా! మతి పోయిందేటి మీ ఇద్దరికీ?" అన్నాను.

కుండ పడి పగిలింది. నీళ్ళన్నీ నా మీదే.

మాది మలయాలో తెలుకు ఆన్సన్ వైపు ఒక రబ్బరు తోట. అవి తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకి తిండి అందకూడదని మా కూలి ఇళ్ళన్నీ పీకించి, ఒక్కచోట కట్టించి, చుట్టూ ముళ్ళకంచె వేశారు. గేటు దగ్గర తుపాకులు. గింజ బియ్యం బయటికి పోయినా జైలే. ఆ ఇళ్ళు మార్చేటప్పుడే లారీ మీంచి దూలం జారి మా బావ మోకాలు నుజ్జయింది.

అక్కణ్ణుంచే వచ్చింది చిక్కంతా. మరిడమ్మ తల్లి గరగ మా ఇంటిది. ఆ ఇత్తడి కుండని మా అత్తగారు విశాఖ రేవులో ఓడెక్కినప్పుడు ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఏటా పండగనాడు దాన్ని ఇంటి దగ్గర నెత్తికెత్తుకుంటే గుడి దాకా దించకూడదు, చెయ్యి వెయ్యకూడదు, నేలకి ఆనకూడదు. మోసేవాడు మా బావ. ఇప్పుడాయన కుంటివాడు. మా ఆయనేమో పోర్ట్ స్వెట్టెన్‌హామ్ రేవులో పనికి పోయాడు.

కూలీల మీద పెత్తనం చేసే కంగాణి తిమ్మయ్య మా గుమ్మంలో నిలబడి చెప్పాడు. "ఈ ఏడు మీ ఇంట ఎత్తే మనిసి నేకపోతే గరగ మా ఇంటికొచ్చేస్తాది."

"నానెత్తుతాను" అంది వెంకమ్మ.

మా తోటలో అంతవరకు ఆడమనిషి గరగ ఎత్తింది లేదు. వాడంతా నోరెళ్ళబెట్టింది. నేనూ వెళ్ళబెట్టాను, అబద్ధమెందుకు? అత్తగారి గరగ ఊళ్ళోవాళ్ళ పాలవుతుందని ఏడుపు ఒక పక్క, ఈవిడ దారిలో పడేసి పరువు తీస్తుందని భయం ఇంకో పక్క.

పాత ఇంటి తలుపు పలక ఒకటి మిగిలితే బావ దానితోనే ఊగుబల్ల చేశాడు. మొదట తెచ్చిన దుంగ లావెక్కువై వెంకమ్మ వెల్లకిలా పడింది. తర్వాత సన్నది తెచ్చి, బెరడు చెక్కి నున్నగా చేశాడు. దుంగ జారిపోకుండా పలక కింద రెండు చివర్లా చెక్కముక్కలు కొట్టాడు. తిన్నగా మేకు కొట్టడం రాని మా బావేనా అని నేను విస్తుపోయాను. "గరగ నెత్తినుంటే కళ్ళు నేలని సూడవు. కాళ్ళే సూడాల" అనేవాడు. ఆవిడ రెండు కాళ్ళ మీద నిలబడ్డం నేర్చింది. తర్వాత ఒంటికాలి మీద. మోచేతులు చీరుకుపోయినా రబ్బరు పాలు తీసే పని మానలేదు, బల్లా మానలేదు. ఆ మొండితనం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

పండగనాడు ఆచారం ప్రకారం ఊరి పెద్ద గరగ నింపి, పసుపుగుడ్డ కప్పి, వేపమండలు కట్టాడు. మోసేవాళ్ళు లోపలికి చూడకూడదు. పెద్దంటే తిమ్మయ్యే. డప్పు మోగింది, వెంకమ్మ కదిలింది. గుడి కంచె అవతల. గేటు కింద అడ్డంగా పాతిన దుంగ దాటడానికి ఆవిడ కాలు ఎత్తింది.

"బెర్హెంతి!"

ఆగమని పోలీసు కేక. వెంకమ్మ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది.

ఆడవాళ్ళని తనిఖీ చేసే మలాయ్ ఆవిడ పెట్టె మీదికెక్కి, పుల్లతో వేపమండలు తప్పించి, గుడ్డ పైకి లేపింది. నాకు కనిపించింది. కుండ నిండా పచ్చగా పసుపు బియ్యం!

డప్పు ఆగిపోయింది. పోలీసు తుపాకీ పైకి లేచింది. రోజూ పొద్దున్న వరసలో నిలబెట్టి "గింజ బియ్యం గేటు దాటరాదు" అని గొంతు చించుకునే తిమ్మయ్యే, ఏటా పోసే అలవాటు కొద్దీ పోసేశాడు! కంచే చేను మేసిందంటే ఇదే. ఆయన మొహం పిండిముద్దలా అయిపోయి, డప్పు వాడి వెనక్కి దూరాడు.

"ఓలప్పా, బియ్యం!" అని అరిచాను.

వెంకమ్మ మెడ కదల్లేదు. మలాయ్ మాటల్లో మెల్లగా చెప్పింది. బియ్యం బయటికి పోలేదు, నా కాలు గాల్లోనే ఉంది, చూసుకో అని.

పోలీసు వంగి ఆ కాలి కేసి చూశాడు. అందరం చూశాం. దుంగకి ఇవతల ఒక కాలు, అవతల నేలకి ఆనని ఇంకో కాలు. పిక్క వణుకుతోంది గానీ కుండ వణకడం లేదు. ముందు నవ్వింది తనిఖీ ఆవిడే. గుడ్డ మళ్ళీ కప్పి, "బాలిక్" అని వెనక్కి చెయ్యి చూపించింది. వెంకమ్మ కాలు వెనక్కి తీసుకుని, ఒంటికాలి మీదే తిరిగి, ఇంటిదారి పట్టింది.

ఇప్పుడు దించేదెక్కడ? గుడి కంచె అవతల, నేలకి ఆనకూడదు. "పలక తే" అంది మొగుడితో. బావ దుంగ లాగేసి పలకని ఇటుకల మీద పరిచాడు.

"కాళ్ళతో తొక్కిన పలక మీద తల్లినా!" అన్నాడు తిమ్మయ్య. అప్పటికి గొంతు వచ్చింది మహానుభావుడికి.

"నువ్వు పోసిన బియ్యం తల్లికి పనికొచ్చినప్పుడు నాను తొక్కిన పలక పనికిరాదేటి బాబూ?"

గరగ దించాక వెంకమ్మ గోడకి చేరగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ కాలు సాయంత్రం దాకా వణుకుతూనే ఉంది. నూనె రాస్తూ నేనూ ఏడ్చాను. గరగని అడిగే ధైర్యం మరి తిమ్మయ్యకి రాలేదు. ఏటా పండగ ఆ పలక చుట్టూనే, కంచె లోపలే జరిగింది.

మెర్డెకా, అదే స్వాతంత్ర్యం, వచ్చాక మా వైపు కంచె పీకేశారు. ఆ ఏడు గరగ గుడికి బయల్దేరింది. ముందు వెంకమ్మ, వెనక పలక మోసుకుంటూ తిమ్మయ్యే. గేటు లేదు, తుపాకీ లేదు. దుంగ ఒక్కటే మట్టిలో మిగిలింది. అక్కడికి రాగానే వెంకమ్మ కాలెత్తి, గాల్లోనే ఆపేసింది. డప్పు ఆగింది.

"ఏటప్పా? ఎవులూ నేరు కదా, నడు" అన్నాను.

"తెలుసే" అంది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. "ఆనాడెత్తిన కాలే ఇది. ఇప్పుడు దించుతున్నాను."

దుంగకి అవతల, నేల మీద, కాలు మోపింది.