పాత డిస్కులు చాలన్నాను

మా కారు వెనక బ్రేకు డిస్కులు అరిగిపోయాయని, కొత్తవి వేయాలని ఆత్మకూరు మెకానిక్ అన్నాడు. బ్రేకు భారం ఎక్కువగా ముందు చక్రాల మీదే పడుతుందని లైబ్రరీ పుస్తకంలో చదివిన నేను, వేరే కారు నుంచి తీసిన పాతవి చాలన్నాను.

"ఏంది సార్, ఈ బండికి హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక డిస్కునే గదా!"

"నువ్వు పుస్తకం చదివినావా?" అని నవ్వాను.

"లేదు సార్. బండ్లు విప్పినాను."

ఆ పాతవే వేయించుకున్న వారం తర్వాత ఉదయగిరిలో ఏటవాలు దారిలో కారు ఆపి హ్యాండ్ బ్రేకు వేశాను. పక్క సీట్లో ఉన్న నాయన దిగబోతూ ఒక కాలు కింద పెట్టాడో లేదో, కారు వెనక్కి జారింది. తెరిచిన తలుపు తగిలి పడిపోయాడు. తుంటి ఎముక విరిగింది.

చూడవచ్చిన వాళ్లందరికీ నాయన, "నేనే తొందరపడి దిగినాను" అని మంచం మీద నుంచే చెబుతున్నాడు. కాదని చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.