పేషెంటు తాలూకు ఎవరండీ?

బెజవాడ సూర్యారావుపేటలో ఏ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళినా ఆ రోజుల్లో ఒక కేక వినిపించేది. కాంపౌండరు తలుపు సగం తెరిచి, "పేషెంటు తాలూకు ఎవరండీ?" అనేవాడు. పేషెంటు ఎదురుగా బల్ల మీదే ఉండేది. ఆమె తాలూకు మనిషి లేచి లోపలికి వెళ్ళేవాడు. రోగం ఒకరిది, కబురు ఇంకొకరికి. అందులో వింతేమీ ఉన్నట్టు ఎవరికీ తోచేది కాదు, నాతో సహా.

తొంభైల్లో మాట ఇది. నాకు పెళ్ళయి ఇంకా రెండేళ్ళు నిండలేదు. కంకిపాడులో కాపురం, అక్కడే బళ్ళో టీచరుద్యోగం. ముందు కీళ్ళ నొప్పులన్నారు. తర్వాత కాళ్ళు వాచాయి, బుగ్గల మీద ఎర్రటి మచ్చలు వచ్చాయి. పామర్రులో మా పుట్టింటి డాక్టరు గారు చూసి, "ఇది నాకు అందేది కాదమ్మా, బెజవాడ తీసుకెళ్ళమనండి మీవారిని" అన్నారు. బెజవాడలో కిడ్నీల డాక్టరు గారు దానికి లూపస్ అని పేరు చెప్పారు. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే తిరగబడి కిడ్నీల మీద పడుతుందట. సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి మద్రాసు పంపారు.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు గారు నన్ను చూసి నవ్వారు. "అమ్మా, మీరు కాసేపు అలా బయట కూర్చోండి" అన్నారు. లేచి వచ్చేశాను. మా ఆయన లోపల చాలాసేపు ఉన్నారు. బయటికి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒక్కటే మందుందట. నెలకోసారి సెలైన్లో కలిపి ఎక్కిస్తారు. తగ్గిపోద్దన్నారు" అని చెప్పారు.

ఒక్కటే. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మందు పనిచేసింది, కాదనను. వాపు తీసింది. ఊడిన జుట్టు మళ్ళీ వచ్చింది. ఆ నెలల్లో ఆగిపోయిన నెలసరి మాత్రం తిరిగి రాలేదు. నాకు ఉప్పు మానేయమంటే ఆయనా మానేశారు. చప్పటి పప్పన్నం నా పక్కన కూర్చుని తినేవారు. మా అత్తగారు విడిగా వండుతానంటే, "దానికి లేని ఉప్పు నాకెందుకమ్మా" అన్నారు. అలాంటి మనిషిని ఎవరైనా అనుమానిస్తారా?

పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళితే, "ఏమైనా విశేషమా?" అని అడిగేవారు. నవ్వేసి ఊరుకునేదాన్ని. ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. "నా జబ్బు మీకు పిల్లల్లేకుండా చేసింది" అనేదాన్ని. ఆయన నా తల నిమిరి, "జబ్బు చేసిన పనికి నువ్వేం చేస్తావు" అనేవారు. ఇలా నేను తప్పు ఒప్పుకోవడం, ఆయన పెద్దమనసుతో క్షమించడం. ఏళ్ళ తరబడి ఇదే వరస.

తర్వాత, రెండు వేల సంవత్సరం దాటాక, మామూలు చెకప్‌కి వెళ్ళాం. నన్ను డాక్టరు గారి గదిలో కూర్చోబెట్టి మా ఆయన మందుల షాపుకి వెళ్ళారు. డాక్టరు గారి పక్కన కొత్తగా చదువుకుంటున్న డాక్టరమ్మాయి ఒకామె కూర్చుని ఉంది. డాక్టరు గారు నా కేసు ఆమెకి పాఠంలా చెప్పడం మొదలుపెట్టారు.

"ఈవిడ కిడ్నీ ముక్కలో జబ్బు అటూ ఇటూ కాకుండా ఉంది. మరీ ముదరలేదు, అలాగని తేలిగ్గా తీసుకోడానికీ లేదు. అలాంటి వాళ్ళకి ఏది మంచిదో చెప్పే ఆధారాలు అప్పుడు మన దగ్గర లేవు. మెతక మందుతో కొన్నాళ్ళు చూడొచ్చు. గట్టి మందైతే కిడ్నీ నిలబడే అవకాశం ఎక్కువ, కానీ పిల్లలు పుట్టకపోవచ్చు. ఇంట్లోవాళ్ళతో మాట్లాడి గట్టిదే ఇచ్చాం."

"ఇంట్లోవాళ్ళంటే ఎవరండీ?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీశారు. "మీవారే కదమ్మా. మీకు చెప్పే ఉంటారనుకున్నాను."

మళ్ళీ అడిగాను. "ఏదీ తెలియనప్పుడు ఎలా తేల్చారండీ?"

ఆయన దాచలేదు. అంతకుముందు నాలాంటి అమ్మాయికే మెతక మందు ఇచ్చారట, ఆమె దక్కలేదట. ఆ భయం ఆయన్ని వదల్లేదు. మద్రాసులో తన గురువుగారికి ఫోన్ చేస్తే ఆయన పాము చావకుండా కర్ర విరగకుండా, "చూస్తున్నది నువ్వు, నువ్వే తేల్చుకో" అన్నారట. "ఇంతలో మీవారు, 'మీ చెల్లెలైతే ఏం చేస్తారండీ' అని అడిగారమ్మా. చెల్లెలైతే గట్టిదే ఇస్తానన్నాను. ఆయన సరేనన్నారు."

నేనెవరి చెల్లెల్నీ కాదు. బయట బల్ల మీద కూర్చున్న మనిషిని. నా పేరు పెట్టి పిలిస్తే పలికేదాన్ని. డాక్టరు గారి మీద నాకు పెద్ద కోపం లేదు. తెలియకపోవడం తప్పు కాదు. ఆ తెలియదన్న మాట నాదగ్గరికి రాకుండా తలుపు దగ్గరే ఆగిపోయింది, అదీ నా మంట.

కంకిపాడు బస్సులో కూర్చున్నాక అడిగాను. "ఏవండీ, ఆ రోజు డాక్టరు గారు రెండు దార్లు చెప్పారంటగా?"

"ఎవరు చెప్పారు?" అన్నారు. అవునో కాదో కాదు, ఎవరు చెప్పారట! నోట్లో నువ్వుగింజ నానదని నేను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో ఆయన్ని. పక్కింటివాళ్ళ గొడవ సాయంత్రంలోగా నాకు చెప్పేస్తేగాని అన్నం సహించని మనిషి. ఇది మాత్రం అన్నేళ్ళు నానబెట్టుకున్నారు.

బస్సు కాలవ దాటాక మెల్లిగా అన్నారు. "నీకు చెబితే నువ్వా మెతక మందే కావాలంటావు. పిల్లల కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావు. నాకు తెలుసు. నువ్వు పోతే నేనేమైపోవాలి?"

ఆయన అన్నది అక్షరాలా నిజం. నేను అదే అనేదాన్ని. బతికేదాన్నో లేదో ఆ దేవుడికి తెలియాలి. నా మనసు అంత బాగా తెలిసిన మనిషి, తెలిసి ఉండే నన్ను అడగలేదు. జబ్బు చేసిన పని అని ఓదారుస్తుంటే ఆయన చేతిని కళ్ళకద్దుకున్నానే, అది తలచుకుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాతి చెకప్‌లో రక్తపరీక్ష తేడాగా వచ్చింది. జబ్బు మళ్ళీ తల ఎత్తుతోందేమోనన్నారు. బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం, రిపోర్టుల కవరు ఆయన ఒళ్ళో ఉంది. కొత్త కాంపౌండరు తలుపు సగం తెరిచి, పాత కేకే వేశాడు.

"పేషెంటు తాలూకు ఎవరండీ?"

మా ఆయన అలవాటుగా లేచారు. నేను కవరు ఆయన చేతిలోంచి తీసుకున్నాను.

"మీరు కాసేపు బయట కూర్చోండి" అని చెప్పి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను.