ముట్టకూడని పార నుంచి వచ్చిన చేప

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క మాటలో ఉంది. "రేపు పెద్ద సారు వస్తున్నారు, మంచి చేప చూడు నూకరాజూ" అన్నాను. ఎక్కడ పట్టకూడదో గుర్తు చేయలేదు. మంచి చేప ఎక్కడ దొరుకుతుందో మా ఇద్దరికీ తెలుసు.

అది 2022 చలికాలం, శ్రీకాకుళం జిల్లాలో ఒక మత్స్యకార గ్రామం. సముద్ర సంరక్షణ ప్రాజెక్టులో నేను ఫీల్డ్ ఆఫీసర్‌ని. మాది గజపతినగరం. ఉద్యోగంలో చేరేదాకా సముద్రం అంటే సెలవు రోజున చూసి వచ్చేదే.

ఆ ఊరి ఒడ్డుకు కొంత దూరంలో నీళ్లలో మునిగిన రాతి దిబ్బ ఉంది. ఇక్కడివాళ్లు దాన్ని పార అంటారు. చేపలు గుడ్లు పెట్టేదీ, పిల్లచేపలు దాక్కునేదీ ఆ రాళ్ల సందుల్లోనే. దాని చుట్టూ వలా గాలమూ వేయకుండా వదిలేస్తే దాన్ని మేం నో-టేక్ జోన్ అంటాం. అక్కడ పెరిగిన చేపలు చోటు చాలక బయటికి వచ్చి ఊరివాళ్ల వలల్లో పడతాయి. దాని పేరు స్పిల్-ఓవర్. ఇది సర్కారు పెట్టిన నిషేధం కాదు, ఊరు తనంతట తాను పెట్టుకున్న కట్టుబాటు. నీటి మీద తేలే బోయలు కట్టించి హద్దు చూపించడం, ఊరిని ఒప్పించడం నా పని. అందరికంటే ముందు ఒప్పుకున్న జాలరి నూకరాజే. "మా అయ్య కాలంలో ఆ పార కాడ వల ఎత్తలేకపోయీవోరు. ఇప్పుడు నీళ్లే వస్తన్నాయి. కొన్నాళ్లు ఒగ్గేద్దాం" అని ఊరికి నచ్చజెప్పింది అతను.

హెడ్డాఫీసు నుంచి పెద్ద సారు వచ్చింది ఆ పార సంగతి చూడడానికే. ప్రాజెక్టు కొనసాగాలా వద్దా అన్నది ఆయన రాసే రిపోర్టు మీద ఆధారపడి ఉంది. మధ్యాహ్నం నూకరాజు ఇంట్లో భోజనం. కంచంలో ఎర్ర చేప ముక్కలు. ఆ రకం ఆ పార రాళ్లలో తప్ప తిరగదు. చూడగానే నాకు అర్థమైంది. నూకరాజు నా వైపు చూడలేదు.

"ఎక్కడిదయ్యా ఇంత రుచి?" అన్నారు పెద్ద సారు.

"మన సముద్రానిదేనండి" అన్నాను నేను. ఆయనకు ఇంకో ముక్క వడ్డించమన్నాను.

మర్నాటికల్లా బయటపడింది. ఆ చేప తలను కుక్క వీధిలోకి లాక్కొచ్చింది. పార దగ్గర నూకరాజు పడవ ఆగడం అంతకుముందే ఒకరిద్దరు చూశారు. సాయంత్రం రామమందిరం అరుగు మీద ఊరు కూర్చుంది. ఊరి పెద్ద ఎర్రయ్య అడగడం మొదలుపెట్టాడు.

"ఏరా నూకా, పార ఒగ్గేద్దామన్నోడివి నువ్వే. ఏటొచ్చిందిరా నీకు?"

"తప్పైపోనాది మావా."

"ఎవురి కోసం పట్టినావు?"

"నాకే. కూర తినాలనిపించినాది."

"కూర కావాలంటే పెళ్లాన్నడగాల గానీ పారనడుగుతావేటి?" అన్నారెవరో. అందరూ నవ్వారు. నేనూ అక్కడే కూర్చుని ఉన్నాను.

ఎర్రయ్య నవ్వలేదు. "ఊరు మళ్లీ సెప్పిందాకా ఈడి పడవకి ఎవురూ బుజం పట్టకండి" అన్నాడు.

ఆ శిక్ష ఎంత పెద్దదో చెప్పాలి. పడవను ఇసుక మీది నుంచి నీళ్లలోకి తోయాలంటే పదిమంది కావాలి. ఎవరి పడవైనా సరే, ఒడ్డున ఉన్నవాళ్లు పిలవకుండానే వచ్చి భుజం పడతారు. అది ఆగిపోతే ఆ ఇంటికి సముద్రం లేనట్టే.

తర్వాత నూకరాజును పక్కకు పిలిచి, నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సెప్తే ఏటవుతాది సారూ? సార్లకి సేప, మనకి కట్టుబాటా అంటారు. తెల్లారితే అందరి గాలాలూ అక్కడే ఉంటాయి."

అది విని నేను సిగ్గుపడాలి. నాకు మాత్రం గుండెల మీది బరువు దిగినట్టయింది. నా మౌనం పార కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను. అలా కొన్ని రోజులు గడిపేశాను. నూకరాజు పడవ ఒడ్డున ఎండుతోంది. అతను ఎవరివో వలలు కుడుతున్నాడు.

ఒక మధ్యాహ్నం అతని భార్య పోలమ్మ మా ఆఫీసుకు వచ్చింది. రోజూ టెక్కలి వైపు చేపలు అమ్ముకునే మనిషి. ఖాళీ గంప గుమ్మంలో దించింది.

"బాబూ, మా ఆయన మీ పరువు మోస్తన్నాడు. బానే ఉన్నాది. మరి మా పడవ ఎవురు మోస్తారు?"

"నేను చెబితే పార మళ్లీ తెరిచేస్తారేమో పోలమ్మా."

"ఊరికి తెల్దనుకుంతన్నారేటి? ఆ రోజు పెద్ద సారు ఎవురింట తిన్నాడో అందరూ సూసినారు. మీరు సెప్తారా లేదా అని సూస్తన్నారు, అంతే."

గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పడవలు దిగే వేళకు ఒడ్డుకు వెళ్లాను. అందరూ ఉన్నారు. "ఆ చేప అడిగింది నేను. ఏ చేపో తెలిసే తిన్నాను. నూకరాజు నా కోసం అబద్ధం ఆడాడు" అన్నాను.

"ఐతే పార తెరిసేద్దాం. సార్లకొకటీ మనకొకటీనా?" అన్నాడొకడు. ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఏడాది పైగా చెప్పిన సంగతులు మళ్లీ చెప్పే హక్కు నాకు లేదు.

ఎర్రయ్య నోట్లోంచి చుట్ట తీశాడు. "తప్పు సారుది. పార ఏటి సేసిందిరా, దాని మీద పడతారు?" అని నా వైపు తిరిగాడు. "సారూ, బుజం పట్టండి."

చెప్పులు విప్పి నూకరాజు పడవకు భుజం ఆనించాను. అవతలి వైపు నూకరాజు. ఇద్దరం ఎంత తోసినా పడవ కదల్లేదు. అందరూ చూస్తూ నిలబడ్డారు. నా చొక్కా తడిసి ముద్దయ్యాక ఎర్రయ్య అన్నాడు: "సాల్లే, సారు ఊపిరాగిపోతే మనకదో తగువు. రండర్రా."

పడవ నీళ్లలోకి దిగింది.

ఆ రోజే పెద్ద సారుకు ఫోన్ చేసి ఆయన తిన్న చేప ఎక్కడిదో చెప్పాను. నాకు మెమో వచ్చింది. ప్రాజెక్టు ఆగలేదు. ఊరు వేసిన శిక్ష వేరే ఉంది: ఆ సీజను అయ్యేదాకా రోజూ ఆఫీసుకు వెళ్లేముందు ఒడ్డుకు వచ్చి పడవలు తోయాలి. తోశాను. సముద్రపు గ్రామాల్లో పనిచేసే ఉద్యోగం ఎలా చేయాలో నేర్చుకున్నది ఆ పొద్దుల్లోనే.

ఆ పార ఇప్పటికీ మూసే ఉంది. దాని హద్దుకు ఇవతల వేసిన వలలు బరువుగా వస్తున్నాయని నూకరాజే పక్క ఊరివాళ్లకు చెబుతున్నాడు. ఇలాంటి చోట్లు ఎలా నిలుస్తాయని ఎవరైనా అడిగితే నేను తడుముకోను. ఊరి కట్టుబాటు ముందుగా నాలాంటివాడి కంచానికి వర్తించాలి, మిగతాది ఊరు చూసుకుంటుంది.

ఇప్పుడు ఆ ఊరికి ఏ అధికారి వచ్చినా భోజనం ఏర్పాట్లు నేనే చూస్తాను. అన్నం, పప్పు, గుడ్ల పులుసు. మొన్న వచ్చినాయన, "సముద్రం ఒడ్డుకొచ్చి గుడ్లా?" అన్నారు. వడ్డన ఆపి, ఇదంతా మొదటి నుంచి ఆయనకు చెప్పాను. నూకరాజు పక్కనే ఉన్నాడు. అంతా విని, "సారు సెప్పడం అయిపోనాది, ఇంక తినండి బాబూ. గుడ్లు సల్లారిపోతన్నాయి" అన్నాడు.