అన్న ఫ్రిజ్, వదినె ప్రార్థన

మా అన్న ఫ్రిజ్‌ల సారా కాసుకొని తాగి తాగి పోయిండని మా ఊరు సురంగల్ నుంచి చేవెళ్ల దాకా చెప్పుకుంటరు. మొన్న చేవెళ్ల దవాఖానల బీపీ గోలీల కోసం లైన్ల కూసుంటే, పక్కన ఉన్న ముసలవ్వ నా ఊరు అడిగి, ఇంటిపేరు అడిగి, "ఓ, ఆ ఫ్రిజ్ సారాయాన చెల్లెవా" అన్నది, దూరపు చుట్టరికం దొరికినంత సంబరంగ. డిగ్రీ చదివినదాన్ని, నలుగురిల గొంతు లేపొద్దని నాకు తెలుసు. అయినా లేపిన. "సారా కాయాలంటే పొయ్యి కావాలె అవ్వా. ఫ్రిజ్‌ల పొయ్యి ఎట్ల పెడతరో జర చెప్పు." అవ్వ జరిగి అవతలి కుర్చీల కూసున్నది. మా అన్నకు కాలేయం చెడిపోయిన మాట నిజమే. వయసుల ఉన్నప్పుడు వచ్చిన కామెర్లు లోపలనే ఉండి తిన్నయని డాక్టర్ చెప్పిండు. కానీ ఊరికి డాక్టర్ మాట కంటె ఫ్రిజ్ మాట రుచి.

అది సారా కాదు, ద్రాక్షరసం. అది గూడ మా చర్చిల నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల మీద పెట్టనీకి. మనిషికి చెంచెడు. మా అన్న తాగిన తాగుడు జన్మంత కలిపినా అంతే, నెలకొక చెంచ. ఇప్పుడు మా మండలం మొయినాబాద్ అంటే అందరికి ఫాంహౌజులు, ఫంక్షన్ హాళ్లు యాదికొస్తయి గని మా చిన్నతనంల ఈ దిక్కంత ద్రాక్ష పందిళ్లే. మా బాపు పండ్లు పిసికి, జాడిల పోసి, బాయి మెట్ల పక్క గూట్లె పెడుతుండె. ఎండకాలంల గూడ ఆ గూడు సల్లగ ఉండేది. మేం చెయ్యి పెడితే మొట్టికాయలు పడుతుండె. తర్వాత బోర్లు పడ్డయి, బాయి ఎండింది, గూడు వేడెక్కింది. తోట పోయి పెరట్ల ఒక్క పందిరి మిగిలింది. బాపు పోయినంక ఆ పని అన్న మీద పడ్డది. రెండేండ్లు వరుసగ రసం పులిసి సిర్కా అయింది. పాస్టరయ్య చెంచ నోట్ల పెట్టుకొని కండ్లు మూసుకున్నడు. జనం అది భక్తి అనుకున్నరు.

అప్పుడు మేము కొత్త ఫ్రిజ్ కొని పాతది అన్నకిచ్చినం, వదినె కూరగాయలు పెట్టుకుంటదని. అన్న అందుల అరలన్ని పీకేసి జాడి పెట్టిండు. మూతకు సన్న పైపు బిగించి, దాని కొస నీళ్ల సీసల ముంచిండు. రసం పొంగుతుంటే ఆ సీసల గుటుక్ గుటుక్ మని బుడగలొస్తయి. ఫ్రిజ్ తన ఇష్టమొచ్చినట్టు గడ్డ కట్టించకుండ సిటీల నుంచి ఒక డబ్బ తెచ్చి బయట తగిలించిండు. దాని మీద ఎర్ర అంకెలు, దానికి ఒక వైరు, వైరు కొసకు చిటికెన వేలంత సెన్సార్. లోపల వేడి పెరిగితే ఫ్రిజ్‌ను నడిపిస్తది, తగ్గితే ఆపేస్తది. సెన్సార్‌ను లోపల గాలిల వేలాడదీసిండు. కూరగాయలు ఎప్పటిలాగనే వంటింట్ల బుట్టల వాడిపోయినయి, వదినె మాత్రం వాటినే ఏరి వండింది. నేనైతే కొట్లాడేదాన్ని.

అంత చేసినా రసం పొంగుడు నడుమల ఆగిపోయింది. బుడగ లేదు, వాసన లేదు, జాడి మంచుగడ్డ లెక్క. కరెంటు సక్కగ వస్తలేదని స్టెబిలైజర్ పెట్టిండు. గ్యాస్ ఎక్కువైందేమోనని చేవెళ్ల నుంచి మెకానిక్‌ను పిలిచిండు. ఫ్రిజ్ బాగనే ఉన్నది, లోపల ఉన్నదే బాగలేదని ఆయన నవ్విండు. తలుపు రబ్బరు పోయిందని నేను వాదించిన. కాయితం ముక్క తలుపుల ఇరికించి లాగి చూపించిన. కాయితం బిర్రుగనే ఉన్నది, నేను మాత్రం తగ్గలే. "రబ్బరే" అంటి. "నీ నోరు తప్ప ఎక్కడ లూజు లేదు" అన్నడు అన్న.

ఆఖరికి అన్న ఫ్రిజ్ ముందల స్టూలేసుకొని కూసున్నడు. పొద్దుగూకినంక నాకు ఫోన్ చేసి, గోడకు చెవులున్నట్టు మెల్లగ చెప్పిండు. "చెల్లె, దొంగ దొరికింది. మీ వదినె."

మాలో ఒక అలవాటున్నది. బల్ల మీదికి పోయే రసాన్ని ప్రార్థన లేకుండ వదలరు. బాపు ఉన్నప్పుడు మా అవ్వ గూడ బాయి గూటి ముందల నిలబడి జాడి మీద చెయ్యి పెట్టి పొద్దున, మాపు చేసేది. ఆ పని వదినెకొచ్చింది. గూడుకు తలుపు లేదు, ఫ్రిజ్‌కున్నది. వదినె తలుపు బార్ల తీసి, జాడి మీద చెయ్యి పెట్టి, పాస్టరయ్య నుంచి మొదలుపెట్టి సంఘంల ఒక్కొక్క ఇంటినీ యాది చేసుకొని, పొలంల ఉన్న బర్రెను గూడ వదలకుండ ప్రార్థిస్తది. ఆమెది చిన్న ప్రార్థన కాదు. అంతసేపు బయటి వేడిగాలి సెన్సార్‌కు తగులుతది. లోపల నిప్పంటుకున్నదనుకొని డబ్బ ఫ్రిజ్‌ను ఆగకుండ నడిపిస్తది. గాలి మాత్రం వేడిగనే ఉంటది, వెనుక మంచు పలకకు ఆనుకొని ఉన్న జాడి గడ్డ కడతది.

"మరి చెప్పరాదు, తలుపేసి చేసుకోమని" అంటి.

"దేవునితోని మాట్లాడేటామెకు తలుపెయ్యమని ఎట్ల చెప్తనే?"

"నేను చెప్తా."

"నువ్వు చెప్పకు. నువ్వు చెప్తే ఆమె ప్రార్థనే బంద్ చేస్తది."

తెల్లారి ఆయన సెన్సార్‌ను గాలిల నుంచి తీసి, జాడి కడుపుకు ఆనించి, పైన పాత గొంగడి ముక్క మడతపెట్టి టేపు చుట్టిండు. జాడిని పలకకు దూరం జరిపిండు. ఇగ తలుపు ఎంతసేపు తెరిచినా డబ్బకు రసం వేడి తప్ప వేరేది తెల్వది. వదినె గొంగడి ముక్కను చూసి, "పాపం, దానికి గూడ సలి పెడుతదా" అన్నదట. ఆ ఏడు రసం ఎంత బాగ కుదిరిందంటే పాస్టరయ్య ఈసారి కండ్లు తెరిచే తాగిండు.

ఈ ఎండకాలం జాడి నింపిన వారానికే అన్నను సిటీ దవాఖానకు తీసుకపోయినం. వదినె ఆయన దగ్గర, నేను సురంగల్‌ల వాళ్ల ఇంటికి కాపలా. అన్న దినాం ఫోన్ చేసేటోడు. తన కడుపుల నీళ్ల గురించి కాదు, "చెల్లె, అంకె ఎంతున్నది" అని. నేను చదివేదాన్ని. "ఆఁ, మంచిగున్నది" అనేటోడు, తనకే జ్వరం తగ్గినట్టు. ఒక దినం ఫోన్ చేసి మాట్లాడిండు, బర్రె గురించి అడిగిండు, అంకె అడగలే. నేనే చెప్పబోతే "కానీ తియ్" అన్నడు. ఫోన్ పెట్టేసి ఫ్రిజ్‌కు ఆనుకొని కూసున్న. అప్పుడే నాకు తెలిసిపోయింది.

అన్నను మట్టి చేసి ఇంటికొచ్చేసరికి ఇంటినిండ జనం. వాళ్ల ఏడుపుల నడుమ వంటింట్ల నుంచి గుటుక్ గుటుక్ మని బుడగలు. దానికెవరు చెప్తరు? చేసినాయన పోయిండని తెల్వక అది తన పని తాను చేసుకుంటనే ఉన్నది. వదినె కొంగు నోట్ల కుక్కుకున్నది.

సంఘ పెద్దలు అక్కడనే మాటెత్తిండ్రు, వచ్చే నెల నుంచి దుకాణంల సీస రసం తెద్దమని. "జనం ఒక తీరుగ అనుకుంటున్నరమ్మా" అన్నడొకాయన. "ఇన్నేండ్లు మీరు ఎవరి చేతి రసం తాగిండ్రు?" అని అడిగిన. తల వంచుకున్నడు గని మాట మార్చలే. పాస్టరయ్య నన్ను పక్కకు పిలిచి, "అక్కా, ఇది అయినంక తీసుకరా. నేనే ముందల రుచి చూస్త. బాగుంటే బల్ల మీద పెడత, ఎవరేమన్నా సరే" అన్నడు. ఆ మాట మీదనే నేను బతుకుతున్న. ఉన్నది ఒక్క జాడి. అది బల్ల మీదికి పోతే మా అన్న ఎందుకు చేసిండో ఊరికి తెలుస్తది. సిర్కా అయితే ఆ ముసలవ్వ మాటే నిలుస్తది.

ఇప్పుడు బుడగలు ఆగినయి. వదినె ఇంకా తలుపు బార్ల తీసే ప్రార్థిస్తది, సంఘంల ఇండ్లన్ని అయినంక ఒక పేరు దగ్గర ఆగుతది. ఎర్ర అంకె కదలదు. "చదువుకున్నదానివి, నువ్వే చెప్పు, తియ్యాల్నా వద్దా" అంటది. ఫోన్‌ల చూస్తే తలా ఒక మాట. తొందరపడి తీస్తే పచ్చి, ఆగితే పులుపు. బుడగ ఆగితే అయినట్టు కాదని అన్న ఒకసారి అన్నట్టు గుర్తు. ఆయన జాడికి చెవి పెట్టి, కండ్లు మూసుకొని, "అయింది" అనేటోడు. నేను గూడ చెవి పెట్టిన. నాకు ఫ్రిజ్ మోత తప్ప ఏం వినపడలే. కాలం అన్నిటిని పండిస్తదంటరు, పండిన దినం మాత్రం అది నోరు తెరిచి చెప్పదు. అన్నా, అయిపోయి ఆగిందో, అలిసిపోయి ఆగిందో నీకెట్ల తెలుస్తుండె?