ఆదివారం అలలు

మా పెదనాన్న ఇరవై ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే రేవు చివర నిలబడి, అంకెలు వేసిన స్తంభం మీద అల ఎంత ఎత్తుకు లేచిందో పుస్తకంలో రాస్తున్నాడు. జ్వరమొచ్చినా మానడు, మొండిఘటం. వాతావరణం ఎలా మారిందో తేల్చడానికి ఆ పుస్తకాలు చూసిన పరిశోధకురాలు ఇంటికొచ్చి తల పట్టుకుంది.

“ఆదివారాలు మాత్రం అలలు జానెడు ఎక్కువున్నాయేంటండీ? సముద్రానికి వారాలు తెలుసా?”

పెదనాన్న వంటింటి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. “ఆదివారాలు మా ఆవిడ కూడా వచ్చేదమ్మా. చిన్న అల చూపించి ఎలా తీసుకొచ్చేయను? మంచిది వచ్చేదాకా ఆగేవాణ్ని.”

“మరి మూడేళ్లుగా మామూలుగానే ఉన్నాయే?”

“ఆవిడకి మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి.”

వంటింట్లోంచి ఇదంతా విన్న పెద్దమ్మ, ఆ ఆదివారం చేతికర్ర పట్టుకుని ఆయనకంటే ముందే గుమ్మంలో నిలబడింది. “పదండి. పుస్తకం మాత్రం నా చేతికివ్వండి, మీరు రాస్తే నమ్మేదెవరు!”